తలుపు నానిన గంట

"ఒక గంట నానాలి. ముట్టుకోకూడదు, ఎత్తి చూడకూడదు, ప్రాణం ఆగక ఓ మూల గిల్లకూడదు," అన్నాడు కుమెజిరో, తడిబట్ట మీద ఆఖరి ముడతను అరచేత్తో సర్దుతూ. కాగితపు తలుపులు కట్టడంలో, విప్పడంలో, మళ్ళీ కట్టడంలో యాభై ఏళ్ళు గడిపిన మనిషి ఆయన. మనుషుల తొందర మీద ఆయనకు ఏ కోశానా గౌరవం లేదు. పనిబల్ల మీద తలుపు వెల్లకిలా పడుకుని ఉంది, తడిగుడ్డ కప్పుకున్న జ్వరం మనిషిలా. సుజుయో బల్లకు రెండు మూరల దూరంలో చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని గోడ గడియారం వైపు చూసింది. రెండుంబావు. అంటే మూడుంబావుకు. తన వయసంతా, యాభై ఎనిమిదేళ్ళు ఆగినదానికి ఇంకో గంట ఒక లెక్కా అనుకుంది, కానీ లెక్కే, ఎందుకంటే ఈ గంటకు అవతల అమ్మమ్మ రాసిన నవల ఉంది, ఆ నవల కోసం తను గీస్తున్న బొమ్మల కథలో ఆఖరి రెండు పేజీలు తెల్లగా కాచుకుని ఉన్నాయి, ఆ రెండు పేజీల కోసం తోక్యోలో ఎడిటర్ అసానుమా గోళ్ళు కొరుక్కుంటూ ఉంది. గురువారానికల్లా అచ్చుకు వెళ్ళాలి. ఇవాళ సోమవారం.

తడి పెట్టేముందు కుమెజిరో అడగవలసింది అడిగాడు. "లోపల ఉన్నది కుంచె రాతా, పాళీ రాతా? కుంచె అయితే భయం లేదు, రాయి మీద అరగదీసిన మసి సిరా వందేళ్ళయినా నీళ్ళకు కదలదు. పాళీ అయితే మాత్రం వేరే దారి చూడాలి, వారం పడుతుంది." "కుంచే," అంది సుజుయో. ఆలోచించలేదు. ఆలోచించడానికేముంది, ఏడేళ్ళుగా ఆ కుంచెను నెలనెలా గీస్తున్నది తనే, ఆ వెదురు కాడ ఎక్కడ నునుపు తేలిందో, వెంట్రుకల కొస ఎటు వంగిందో కళ్ళు మూసుకుని గీయగలదు. అయినా ఆయన తన జాగ్రత్త తాను పడ్డాడు. పై పొరలో చిరిగిన చోట తడి దూది ఒత్తి చూశాడు. అక్కడున్నవి ఏ కాలం నాటివో బడిపిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు. నల్లగీత చెక్కు చెదరలేదు. సరే అన్నాడు, నీళ్ళు చిలకరించాడు, బట్ట కప్పాడు, పక్క గదిలోకి వెళ్ళి ఎవరిదో తెరకు చట్రం బిగించుకుంటున్నాడు, సుత్తి చప్పుడు టకటకా వినిపిస్తోంది.

ఆ తలుపులు కట్టింది కాగితం పారెయ్యడం పాపమనుకున్న రోజుల్లో. పాత ఉత్తరాలు, బడి కాగితాలు, గుళ్ళో పేర్ల జాబితాలు, దేనికీ పనికిరావనుకున్న ప్రతి ముక్కా తలుపు కడుపులోకే వెళ్ళేది, పొర మీద పొర, పైన అందమైన కాగితం, దాని మీద పైన్ చెట్లూ కొంగలూ. ఆ కొంగల కిందే సుజుయో పుట్టింది, పాకింది, ఆ కొంగల కాళ్ళు లెక్కపెడుతూ తట్టు పోసినప్పుడు పడుకుంది. అక్టోబరులో అమ్మ పోయింది. నవంబరులో ఇల్లు పడగొట్టే వాళ్ళొచ్చారు. నాలుగు తలుపుల్లో మూడు లారీ ఎక్కి వెళ్ళిపోయాక, నాలుగోది పనివాడి చేతిలో జారి మూల చిరిగితే, బడి కాగితాల కింద ఎర్ర గళ్ళ అంచు, రాత లేని అంచు, కనిపించింది. నవలలు రాసేవాళ్ళు వాడే గళ్ళ కాగితం. ఆ ఇంట్లో ఆ కాగితం వాడిన మనిషి ఎవరో సుజుయోకి తెలుసు, ఆ మనిషి పేరు చెప్పుకుని ఏడేళ్ళుగా అన్నం తింటోంది, అందుకే వీధిలో నిలబడి కేకలు పెట్టింది, లారీ వెనక పరుగెత్తింది, ఈ వయసులో, చెప్పులు ఊడి, సందు చివరిదాకా. మూడు తలుపులూ అప్పటికే ఏ బూడిదలో కలిశాయో. ఈ ఒక్కటి మిగిలింది.

అమ్మమ్మ పేరు ఇనె. అద్దకం పని చేసే ఇంటికి కోడలుగా కనజావా వచ్చింది, పెళ్ళికి ముందు తోక్యోలో రెండేళ్ళు చదువుకుంది. ఆవిడ పోయాక పెట్టెలో దొరికింది ఒక్క ఉత్తరం. పత్రిక వాళ్ళు రాసింది. మీ కథ ఆడవాళ్ళ చేతి నుంచి వచ్చినట్టుగా లేదు, చాలా బాగుంది, వేద్దామనుకున్నాం, ఇంతలో మీకు పెళ్ళైందని తెలిసింది, శుభాకాంక్షలు. అంతే. శుభాకాంక్షలు చెప్పి కథ సంగతి మర్చిపోయారు, పెళ్ళైన మనిషి కథ రాస్తే ఆ కథకు కూడా ముసుగు వెయ్యాలన్నట్టు. ఆ ఒక్క ఉత్తరం పట్టుకుని సుజుయో పదిహేను సంపుటాల మాంగా, ఆ బొమ్మల కథే, గీసింది. పాతకాలపు తోక్యోలో ఒక అద్దె ఇల్లు, అందులో ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురికీ రచయిత్రులు కావాలని. ఒకామె కథలు గురువుగారి పేరుతో అచ్చవుతాయి, ఒకామె క్షయతో పోతుంది, మూడో ఆమె రియు, అంటే అమ్మమ్మే, నాలుగో సంపుటంలో పెళ్ళిముహూర్తం నాటి పొద్దున కుంచెను రెండుగా విరిచి పొయ్యిలో వేస్తుంది. ఆ ఘట్టానికి వచ్చినన్ని కార్డులు పత్రికకు ఇంకెప్పుడూ రాలేదు. అసానుమా వాటిని గోనెసంచిలో పంపింది.

కుంచె సంగతి మొదట్లోనే ఒక చిన్న గొడవ అయింది. అప్పటి ఎడిటర్ మగాయన, ఇప్పుడు రిటైరయ్యాడు. మొదటి అధ్యాయం చిత్తు చూసి పాళీ దగ్గర వేలు పెట్టి, "ఇదేంటండీ, రైల్వే గుమాస్తాలాగా? పొడుగు చేతుల కిమోనో, నుదుటి మీద ఒక వెంట్రుక పాయ, చేతిలో కుంచె. అదీ మన రియు," అన్నాడు. ఆ రోజులకు రాసేవాళ్ళంతా పాళీకి మారిపోయారని సుజుయోకి తెలుసు, చెప్పింది కూడా. "తెలిసినవాళ్ళు నలుగురు ఉంటారు, చూడముచ్చటగా ఉందనేవాళ్ళు నలభై వేల మంది," అన్నాడాయన. ధారావాహిక రావాలి, రెండేళ్ళుగా పని లేదు, చిన్న విషయమే కదా అనుకుంది. నిజంగా చిన్న విషయమే. ఒక గీతకు బదులు ఇంకో గీత. తర్వాత్తర్వాత అది అబద్ధమన్న సంగతి కూడా మర్చిపోయింది, ఎందుకంటే కుంచె పట్టుకున్న రియు చాలా అందంగా వచ్చేది, తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు ఎవరైనా పాళీ అంటే తనే పోట్లాడేది.

గది తలుపు పక్కకు జరిపి కుమెజిరో భార్య హత్సుయె టీ పళ్ళెంతో వచ్చింది. వేయించిన తేయాకు కాడల వాసన గదంతా నిండింది. "ఇదిగో టీచర్‌గారూ," అంది, బొమ్మలు గీసేవాళ్ళనూ అక్కడ అలాగే పిలుస్తారు, "వేడిగా తాగండి. మా ఆయన మిమ్మల్ని ఈ చలిలో కూర్చోబెట్టి తనేమో స్టవ్ పక్కన సుత్తి ఊపుకుంటున్నాడు."

"స్టవ్ ఇక్కడ పెడితే తలుపు ఆరిపోతుందే! తలుపుకు చలి కావాలి," అని లోపల్నుంచి కేక.

"తలుపుకు కావలసింది తెలుసు, పెళ్ళానికి కావలసింది నలభై ఏళ్ళుగా తెలీదు," అని హత్సుయె గొంతు తగ్గించకుండానే చెప్పి, సుజుయో పక్కనే చతికిలబడింది. "నిజం చెప్పనా, మీరొస్తున్నారంటే నాకు నిన్నట్నుంచి కాళ్ళు నేల మీద లేవు. రియు కుంచె విరిచిన రోజు, చూడండీ, నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. చేప మాడిపోయింది. ఈయన అడిగాడు, ఎవరు పోయారే అని."

"ఎవరూ పోలేదుట. బొమ్మట," అని లోపల్నుంచి.

"మీరు మాట్లాడకండి. టీచర్‌గారూ, ఒక్కటి అడగనా? నిజంగానే విరిచేసిందా మీ అమ్మమ్మగారు? అంత రాసే చెయ్యి, ఇంక మళ్ళీ ముట్టుకోలేదా?"

"ముట్టుకోలేదు," అంది సుజుయో. "ఇందులో ఉన్నది పెళ్ళికి ముందు రాసిందే అయ్యుంటుంది. తెచ్చుకుని దాచుకుని, చివరికి ఇలా తలుపులోకి."

"అయ్యో," అంది హత్సుయె. అని తడిబట్ట వైపు చూసి చేతులు జోడించింది, ఇంట్లో పోయినవాళ్ళ ఫొటోకు జోడించినట్టు. తర్వాత ఖాళీ పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయింది.

రెండూ నలభై. బయట మంచువాన మొదలైంది, రేకుల మీద సగం చినుకూ సగం పలుకూ. దూరంగా సముద్రం మీద ఉరిమింది, బురి చేపల్ని ఒడ్డుకు తోలుకొచ్చే ఉరుము, డిసెంబరులో ఆ ఉరుము వింటే అమ్మ ఎక్కడున్నా తలెత్తి, ఇక చేపలు చవకవుతాయి అనేది. అమ్మ. విరిచిందా అని అడిగిన మొదటి మనిషి హత్సుయె కాదు. నాలుగో సంపుటం అచ్చయి రాగానే సుజుయో స్వయంగా తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టింది, పక్కన కూర్చుంది, అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ నిదానంగా తిప్పింది, ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగింది, ఏడుస్తుందేమోనని సుజుయో చేతిరుమాలు కూడా సిద్ధం చేసుకుంది. సిగ్గుచేటు, చేతిరుమాలు. అమ్మ పుస్తకం మూసి, "మీ అమ్మమ్మ ఏదీ విరిచే మనిషి కాదు," అంది. అంతే. తర్వాతి పదకొండు సంపుటాలూ పొట్లం విప్పకుండానే అరలో పెట్టింది. సుజుయోకి ఎంత కోపం వచ్చిందంటే, దేశమంతా చదువుతున్నదాన్ని కన్నతల్లి చదవదా అని, నువ్వెప్పుడు ఒప్పుకున్నావు నేను చేసిన పనిని, పందొమ్మిదేళ్ళప్పుడు మొదటి కథ పంపిస్తే పెళ్ళిదాకా కాలక్షేపం అన్నావు, ఆ మాటే పత్రికాఫీసులో మగాళ్ళూ అన్నారు, నాలుగేళ్ళు ఒక పెద్దాయన దగ్గర ఆయన పేరు మీద గుర్రాలూ జనసమూహాలూ గీశాను, వేళ్ళు కాయలు కాశాయి, అప్పుడూ నువ్వు అడగలేదు. ఇవన్నీ అమ్మతో అనలేదు. అనడానికి ఇప్పుడు అమ్మ లేదు, అరలో విప్పని పొట్లాలు పదకొండు, దుమ్ము కూడా పట్టలేదు, రోజూ తుడిచేది కాబోలు. అడిగి ఉండాల్సింది. విరిచే మనిషి కాకపోతే మరి ఏం చేసే మనిషి అని ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగలేదు, ఎందుకంటే కథ అప్పటికే బాగా నడుస్తోంది.

తడిబట్ట అంచు నుంచి ఒక బొట్టు బల్ల కింద పళ్ళెంలోకి పడింది. వేళ్ళు కాయలు. కుడిచేతి మధ్యవేలు, మొదటి కణుపు పక్కన, సుజుయోకి ఇప్పటికీ శనగగింజంత కాయ ఉంది, ఆ పెద్దాయన దగ్గర వచ్చింది కాదు అది, అంతకుముందే ఉంది. గీసేవాళ్ళందరికీ ఉంటుంది. రాసేవాళ్ళకీ ఉంటుంది. కుంచె పట్టేవాళ్ళకి ఉండదు, కుంచెను నొక్కరు. ఎందుకు వస్తోంది ఈ ఆలోచన. టీ చల్లారిపోయింది. అమ్మమ్మ చెయ్యి గుర్తొస్తోంది, వేడినీళ్ళ తొట్టిలో తన వీపు రుద్దే చెయ్యి, గరుకుగా, ముడతలుగా, నీళ్ళలో నానినా ఆ వేలి మీద నీలం పోయేది కాదు. అమ్మమ్మా, నీ వేలు నీలంగా ఉంటుందెందుకూ అంటే, "అద్దకం వాళ్ళ కోడల్ని కదే పిల్లా, ఈ ఇంట్లో రంగు అంటని చెయ్యి ఉంటుందా," అనేది. తాతయ్య చేతులు కూడా అలాగే ఉండేవట, మోచేతులదాకా, పెళ్ళి ఫొటోలో కూడా దాచుకున్నాడట. నేరేడు, నీలం, ఆకుపచ్చ, మనుషుల్ని రంగుని బట్టి పిలిచేవారట దుకాణంలో. ఆ దుకాణం సుజుయో చూడలేదు. యుద్ధంలో పట్టుబట్టలు కట్టకూడదన్నప్పుడే మూతపడింది, తొట్లు ఇనుము కింద పట్టుకుపోయారు, తాతయ్య ఆ మరుసటి ఏడే పోయాడు. తను పుట్టేసరికి దుకాణం చోట మిరపమొక్కలు. మరి.

మరి తనకు ఆరేళ్ళప్పుడు, ఏడేళ్ళప్పుడు, ఇంట్లో రంగన్నదే లేనప్పుడు, అమ్మమ్మ వేలికి ఆ నీలం ఎక్కడిది.

 సుజుయో కదలకుండా కూర్చుంది. కదిలితే రాబోయేది ఆగిపోతుందేమోనని, లేకపోతే వచ్చేస్తుందేమోనని. వెనక వరండా. పొద్దున ఎండ. తను బోర్లా పడుకుని పెన్సిల్‌తో పిల్లిని గీస్తోంది, పిల్లి మీసాలు లావుగా వస్తున్నాయని ఏడుస్తోంది. అమ్మమ్మ లోపల్నుంచి వచ్చి పక్కన కూర్చుని ఒడిలోంచి తీసింది, కర్రకాడకు గుచ్చిన ఇనప పాళీ, మూత ఊడిన సిరాబుడ్డి. "దీంతో గీసి చూడు తల్లీ. నొక్కితే లావు, వదిలితే సన్నం. కుంచె దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది, ఇది మాట వింటుంది. నేను నీ అంత వయసులో కుంచెతో చచ్చాను." పిల్లి మీసం సన్నగా వచ్చింది. నీలంగా వచ్చింది. అమ్మమ్మ నవ్వింది. ఆ పాళీతోనే కదా సుజుయో నేర్చుకుంది, ఆ పాళీ పట్టే కదా ఆ కాయ వచ్చింది, ఈరోజుకీ పాళీతోనే కదా గీస్తుంది, ఏడేళ్ళుగా పాళీ పట్టుకుని కుంచెను గీస్తూ, నెలకు ముప్ఫై రెండు పేజీలు, ఒక్కసారైనా తన చేతిలో ఉన్నది ఎవరిచ్చారని అనుకోలేదు.

కుంచే, అంది తను. ఆలోచించకుండా. గడియారం మూడూ అయిదు.

"కుమెజిరోగారూ!" ఆ గొంతు తనదే అని సుజుయోకి తెలియలేదు. బల్ల దగ్గరికి మోకాళ్ళ మీదే పాకింది. "పాళీ, పాళీ అది, పాళీతో రాసింది, తీసెయ్యండి, గుడ్డ తీసెయ్యండి!" సుత్తి ఆగింది. ఆయన వచ్చి ఆమె మొహం చూసి గుడ్డ రెండు మూలలు పట్టుకుని ఎత్తాడు. పైన తెల్లగా ఉన్న గుడ్డ లోపలివైపు నీలంగా ఉంది. అంచులు లేత నీలం, మధ్యలో చిక్కటి నీలం. బల్ల అంచున బొట్టుబొట్టుగా కారి కింద పళ్ళెంలో చేరిన నీళ్ళూ నీలమే. ఇందాక బొట్టు పడడం తను చూసింది. చూసి వేలి కాయ గురించి ఆలోచించుకుంటూ కూర్చుంది.

కుమెజిరో బడి కాగితాల పొరను చాప చుట్టినట్టు చుట్టి తీశాడు. నల్ల అక్షరాలు భద్రంగా ఉన్నాయి, ఏ పిల్లవాడో వంకరగా దిద్దిన పర్వతం, నది, పర్వతం, నది. వాటి కింద ఎర్ర గళ్ళ కాగితాలు. గళ్ళు ఉన్నాయి, అచ్చుసిరా కాబట్టి. గళ్ళలో ఏమీ లేదు. కాగితమంతా ఆకాశం రంగు, అక్కడక్కడ మబ్బులా చిక్కబడి, ఒకచోట అక్షరం అనుకుంటే అక్షరంలా, కాదనుకుంటే కాదన్నట్టు ఏదో. "పొడి అద్దుడు కాగితాలు తే! అన్నీ తే!" అని ఆయన అరిచాడు, హత్సుయె పరుగెత్తింది, ముగ్గురూ వంగి ఒత్తారు, ఒత్తినకొద్దీ అద్దుడు కాగితం నీలమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. కుమెజిరో వెదురు గరిటతో ఒక్కో కాగితం లేపి పలక మీద పరిచాడు, ఒకటి, దాని కింద ఇంకొకటి, అడుగు దాకా చూశాడు. నాసిరకం సిరా అన్నాడు, నీళ్ళెక్కువ, సారం తక్కువ, ఒక్క పొర కూడా ఆగలేదు. తర్వాత, "కింద పొర మీద కూడా దూది ఒత్తి చూడాల్సింది. తప్పు నాది," అన్నాడు. యాభై ఏళ్ళలో ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో గాని హత్సుయె ఆయన్ని ఆశ్చర్యంగా చూసింది.

"మీరు అడిగారు. నేను చెప్పాను," అంది సుజుయో.

అప్పుడు కనిపించింది ఆమెకు, మొదటి కాగితం కింద ఎడమ మూలన, గళ్ళ అవతల, సన్నటి బూడిదరంగు అంకె. పెన్సిల్. పెన్సిల్ గీత నీళ్ళకు లొంగదు, గీసేవాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడువందల పదిహేడు. దాని పక్క కాగితం మీద మూడువందల పదహారు. తర్వాత పదిహేను. తర్వాత పద్నాలుగు. మూడువందల పదిహేడు మీద, ఖాళీ గళ్ళ చివర, అదే పెన్సిల్‌తో ఒక మాట, ముగిసింది. ఆ మాట కింద తేదీ. సుజుయో రెండుసార్లు చదివింది. పెళ్ళినాటి తేదీ కాదు. యుద్ధం అయిపోవడానికి ముందు ఏడు, జనవరి నెల. అమ్మమ్మకు యాభై ఒకటో ఏడు. తాతయ్య పోయి, దుకాణం పోయి, తినడానికి చిలగడదుంప తీగలు కూడా దొరకని ఆ శీతాకాలం. అప్పటికి అమ్మకు పదమూడేళ్ళు. అమ్మ చూసి ఉంటుంది. విరిచే మనిషి కాదు అన్నప్పుడు అమ్మకు తెలిసే అంది.

"వరసలో ఉన్నాయి," అన్నాడు కుమెజిరో మెల్లగా. "తలుపులో పెట్టే చిత్తు కాగితం ఎవరూ వరసలో పెట్టరమ్మా. చేతికొచ్చింది అంటిస్తారు, తలకిందులైనా సరే."

"ఆ చలికి పిల్లలు పడుకునే గదిలోకి గాలి కొడుతూ ఉండుంటుంది," అంది హత్సుయె. "ఇంకే కాగితం దొరుకుతుంది ఆ రోజుల్లో? ఒక్కోటి చదువుకుంటూ అంటించి ఉంటుంది. చదవడం అయ్యాకే తర్వాతది." అని ఆమె మొహానికి ఎప్రాన్ అడ్డం పెట్టుకుంది. రియు కోసం ఏడ్చినట్టు కాదు, చప్పుడు లేకుండా.

సుజుయోకి ఏడుపు రాలేదు, వస్తే బాగుండేది.  మూడువందల పదిహేడు పేజీలు. మూడు తలుపుల్లో రెండువందల చిల్లర లారీ ఎక్కి పోతే, మిగిలినవాటిని తను కడిగింది. భర్త ఆపలేదు, అత్త ఆపలేదు, పెళ్ళి ఆపలేదు, యుద్ధం ఆపలేదు, పత్రిక వాళ్ళ శుభాకాంక్షలు కూడా ఆపలేదు. ఆవిడ రాత్రుళ్ళో, తెల్లవారుజామునో, పిల్లలు బడికెళ్ళాకనో రాస్తూనే ఉంది, అడిగితే రంగు అంది. ఆమెను పెళ్ళినాడే, ఇరవై నాలుగో ఏట, ఆపేసింది ఒక్క మనవరాలే. నలభై వేల మంది చూస్తుండగా, అందమైన కుంచె ఒకటి చేతిలో పెట్టి, తనే విరిపించి, కార్డులు లెక్కపెట్టుకుంది.

సంచిలో ఫోన్ మోగింది. అసానుమా. మూడున్నరకు చేస్తానని చెప్పింది, మాట తప్పని పిల్ల.

"టీచర్‌గారూ! దొరికిందా? మొదటి వాక్యం చెప్పండి చాలు, నేను అక్షరాలు పెట్టించేస్తాను."

"అసానుమా, నాలుగో సంపుటంలో రియు కుంచె విరుస్తుంది చూడు."

"దాన్ని మర్చిపోతామా!"

"విరవలేదు. కుంచె కూడా కాదు, పాళీ. యాభై ఒకటో ఏట నవల పూర్తి చేసింది. మూడువందల పదిహేడు పేజీలు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "అయ్య బాబోయ్! ఎంత బాగుంది! ఏం రాశారు? ఏం రాశారు టీచర్‌గారూ?"

"తెలీదు."

"ఇంకా విప్పలేదా?"

"విప్పాం. తడిపించాను. పాళీ రాతని తెలిసి కూడా కుంచె అని చెప్పాను. సిరా అంతా పోయింది. అంకెలు మిగిలాయి."

 అసానుమా కూడా రాయాలనే పత్రికలో చేరింది, ఒకసారి చెప్పింది, తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు, "ఆ రెండు పేజీలు?" అని అడిగింది, అడగడం తన ఉద్యోగం కాబట్టి.

"ఆ రెండే కాదు, అధ్యాయమంతా మళ్ళీ గీస్తాను. పాళీతో రాస్తున్న ఆవిణ్ణి. ఇవాళ ఇక్కడ కూర్చుని కుంచె అన్న నన్ను."

"గురువారానికా? అయినా కథ అప్పటిది కదండీ, అందులో మీరెలా వస్తారు?"

"ఏడేళ్ళుగా అందులో ఉన్నది నేనేనమ్మా," అంది సుజుయో. "ఆవిడ లేదు."

ఫోన్ పెట్టేసరికి కుమెజిరో గుడ్డను తొట్టిలో పిండేసి, అద్దుడు కాగితాలు తీసేసి, బల్ల తుడిచి, కింద పళ్ళెంలోది కూడా తొట్టిలో పోసి, వెనక తూము వైపు మోసుకెళ్తున్నాడు. పని అయ్యాక నీళ్ళు పారబోయడం ఆయన చేతికి అలవాటు.

"ఆగండి," అంది సుజుయో.

ఆయన తొట్టి పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. అందులో నీలం నీళ్ళు అటూ ఇటూ కదిలి నెమ్మదిగా నిలబడ్డాయి.

"ఏం చేసుకుంటారమ్మా వీటిని?"

"తెలీదు," అంది. "కింద పెట్టండి. మెల్లగా."